ఫైనల్ నాడు నేను పెట్టిన బగారన్నం

రాండ్రి, జర దగ్గరికి జరిగి కూసోండ్రి. పిల్లల్ని ఒళ్లె కూసోవెట్టుకోండ్రి, ఫోన్లు పక్కకు పెట్టుండ్రి. పొయ్యి మీద ఏమన్న ఉంటే బందు చేసి రాండ్రి, తొందరేం లేదు, నేను ఏడికీ పోను. ఒక ఆడిది తన సొంత తమ్ముని నౌకరిని, సొంత చేతులతోటి, అది కూడా పాయిరంతోటి, ప్రేమగ, అల్లం ఎల్లిగడ్డ దట్టిచ్చి ఎట్ల ఉడకవెట్టిందో చెప్త. ఆ ఆడిది ఎవరో కాదు, మీ ముందల కూసున్న నేనే. ఇప్పుడు నన్ను చూస్తే బుద్ధిమంతురాలి లెక్క కనవడుతున్న గని, అప్పటి నా తెలివి ఎసొంటిదంటే, ఇంట్ల ఎలుక కనవడితె ముందు అగ్గిపెట్టె దేవులాడే తెలివి.

ముందుగాల మా తమ్ముని సంగతి చెప్పాలె. వాని పేరు చిన్నయ్య. పుట్టినప్పుడు పిడికెడంత ఉండె, అందుకని మా నాయిన ఆ పేరు పెట్టిండు. ఆ పేరు మీద పగ పట్టినట్టు పెరిగిండు వాడు. మల్కాజ్‌గిరిల మేముండే కిరాయింటి దర్వాజకు వాని నుదురు తాకని దినం లేదు. దర్వాజ పైకి జరగాల్నా, వాడు కిందికి వంగాల్నా అని ఇద్దరికీ రోజూ పంచాయితే. ఆఖరికి మా నాయిన దర్వాజకు పాత బొంత ముక్క కుట్టిచ్చిండు. మా ఇంటికి వచ్చిన సుట్టాలు దాన్ని తోరణమనుకొని పసుపు కుంకుమ కూడ పెట్టిండ్రు.

బడిల ఒకసారి పోరగాండ్ల క్రికెట్ బాలు చెట్టు కొమ్మల ఇరికిందట. అందరూ రాళ్లేస్తుంటే మా చిన్నా పోయి, చెయ్యి లేపి, అల్మారీల కెళ్లి డబ్బా తీసినట్టు తీసిచ్చిండు. ఆటల సారు చూసిండు. "అరే, నువ్వు గీడ రాళ్ల మధ్యన ఏం చేస్తున్నవ్ రా? పోయి ఆ బాస్కెట్‌బాల్ రింగు కింద నిలవడు" అన్నడు. వాడు సారు మాట విని పోయి నిలవడ్డడు. ఆ నిలవడుడు చాన ఏండ్లు నడిచింది.

మా అమ్మకైతే ఆ ఆట సమజే కాలె. ఒకసారి చూస్తానికి వచ్చి అన్నది: "గంత పైన సంచి కట్టిండ్రు, మంచిగనే ఉన్నది. గని దానికి అడుగే లేదు కద బిడ్డా! ఎన్నిసార్లు ఏసినా కింద పడ్తనే ఉన్నది. ఎవ్వరికీ తెలివి లేదా, ఒక్క కుట్టు ఏస్తే అయిపాయె."

అడుగు లేని ఆ సంచే వానికి బువ్వ పెట్టింది. జీతమిచ్చి ఆడిచ్చుకునే టీము ఒకటి వాణ్ణి తీస్కపోయింది. చెన్నై అన్నరు, బెంగుళూరన్నరు, ఏడేడికో విమానంల పంపిండ్రు. ఒకసారి టీవీల వచ్చిండు. మా గల్లీ గల్లంత మా ఇంట్లనే కూసున్నది. వాని ఎత్తుకో, మా అదృష్టానికో గని, కెమెరాల మెడ దాంకనే పట్టిండు. "గా కుడిదిక్కు ఛాతి మనోనిదే!" అని నేను లేచి టీవీ మీద ఏలు పెట్టి చూపెట్టిన. అందరూ చప్పట్లు కొట్టిండ్రు.

అటెన్క ఒకనాడు ఎగిరి కింద పడంగ మోకాలు మెలిక పడ్డది. ఆపరేషన్ చేసిండ్రు. ఆ మోకాలుతోటి ఇంకో రెండేండ్లు ఎట్లనో గుంజుకొచ్చిండు, ఆఖరికి టీమోళ్లు షాలువా కప్పి ఇంటికి పంపిండ్రు. వాని జాగల ప్రసాద్ అనే పిలగాణ్ణి పెట్టిండ్రు. కాకినాడ దిక్కు పిలగాడు, మా వానితోటి ఒక్క రూముల ఉన్నోడు, మంచి దోస్తు. మా చిన్నా వాని భుజం తట్టి వచ్చిండు. నాకు మాత్రం కడుపుల మండింది. ఆ పిలగాడు గుంజుకోలే, వాళ్లే ఇచ్చిండ్రు అని నాకు తెల్సు. తెలిస్తే మంట ఆరుతదా?

అప్పటికే మేము తార్నాకకు మారినం. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. నేను హాస్టల్ల పోరగాండ్లు ఎక్కువుండే గల్లీల కర్రీ పాయింట్ పెట్టుకున్న. చిన్నా వచ్చి మా ఇంట్ల పడ్డడు. పడ్డడంటే నిజంగనే పడ్డడు, మంచం మీద నడుము దాంక, స్టూలు మీద కాళ్లు. పొద్దుగాల డ్యూటీకి పోయేటప్పుడు మా ఆయన ఆ కాళ్లకు తట్టుకొని రోజూ ఒక తిట్టు తిట్టేటోడు. "సిగ్నల్ లేని జాగల కూడ నాకు బ్రేకు ఎయ్యాల్సి వస్తున్నది" అనేటోడు.

దేవుడు సల్లగ చూసిండు. క్యాంపస్‌ల ఒక కాలేజి టీముకు కోచ్ కావాలన్నరు. చిన్నాను పెట్టుకున్నరు. గని పక్కా నౌకరి కాదు, గాలిల దీపం. ఆటల పెద్ద సారు అన్నడట: "ఈ సాలు టోర్నమెంట్ గెలిస్తే పర్మనెంట్ చేపిస్త. ఓడితే నన్నేమనద్దు, వేరేటోళ్లను చూస్కుంట."

మా వాడు ఆ పోరగాండ్లను ఏం పిండిండో గని, టీము ఫైనల్ దాంక వచ్చింది. నేను అడిగిన, "ఒకవేళ ఓడితె ఏం చేస్తవ్ రా?"

"ఏమున్నదక్కా, ఏదన్న షాపింగ్ మాల్ గేటు కాడ నిలవడ్త. ఎత్తున్నోళ్లకు ఆ నౌకరి ఎప్పుడూ ఉంటది. టోపీ పెట్టుకొని సలాం కొట్టుడే."

నవ్వుకుంటనే అన్నడు. గని ఆనాడు సగం కంచంలనే చెయ్యి కడిగిండు. మా ఇంట్ల సగం కంచంల చెయ్యి కడిగినోడు అదే మొదలు.

ఇగ ఫైనల్‌కు వచ్చిన అవతలి టీము కోచ్ ఎవరనుకున్నరు? ప్రసాదే! ఆయన కూడ ఆట ఇడిసి కోచ్ అయిండు. ఫైనల్ ముందటి దినం మా చిన్నా ఇంటికొచ్చి నా పక్కన పీట మీద కూసున్నడు. వాడు పీట మీద కూసుంటె మోకాళ్లు చెవులకు తాకుతయి, అట్ల కూసున్నడంటె ఏదో పనున్నదని అర్థం.

"అక్కా, ప్రసాద్ టీము రేపు పొద్దుగాల రైలు దిగుతది. పండుగ సెలవని హాస్టల్ మెస్సు బందున్నది. పగటీలి మనింట్ల జర అన్నం పెడ్తవా?"

"వాళ్లకు నేను పెట్టాల్నా? పగోళ్లకు?"

"పగోళ్లేందే, దోస్తులు. మ్యాచ్ సాయంత్రం. లైట్‌గ పెట్టు. ఇడ్లి, పెరుగన్నం, అరటిపండ్లు. ఆటకు ముందు కడుపు బరువైతే ఖతం, కాలు లేవది."

మా వాడు చాన మంచోడు. మంచోళ్లకు ఉండే రోగమే వానికీ ఉన్నది, ఏ మాట ఎవరి ముందల అనాల్నో తెల్వది. కడుపు బరువైతే కాలు లేవది! ఇసొంటి మాట నా అసొంటి దాని ముందల అంటరా? పిల్లికి పాలగిన్నె చూపెట్టి, మూత ఎట్ల తియ్యాల్నో కూడ నేర్పినట్టు.

ఆ దినమంత నా నెత్తిల ఒకటే లెక్క తిరిగింది. ప్రసాద్ టీముకు మస్తుగ పెట్టాలె. కొసరి కొసరి పెట్టాలె. వాళ్లు మా చిన్నా నౌకరి గుంజుకునేటందుకు లేవద్దు, అసలు చాప మీదికెళ్లే లేవద్దు. పగోణ్ణి కొట్టనీకె కట్టె ఎందుకు, గంటె చాలదా?

తెల్లారంగనే మా ఆయన వంటింట్లకు తొంగి చూసి నోరు తెరిచిండు.

"ఏందే ఇది? బగారన్నం, మటన్, కోడికూర, గారెలు, సేమియా పాయసం... ఎవరి పెండ్లి?"

"పెండ్లి కాదు. యుద్ధం."

"చిన్నా ఇడ్లి అన్నడు కద?"

"ఇంటికొచ్చిన సుట్టాలకు ఇడ్లి పెడితె మన ఇజ్జత్ ఏం గావాలె?"

ఆయన నా మొకం చూసిండు. పెండ్లయి అన్నేండ్లయె, నా మొకం ఆయనకు బస్సు రూటు లెక్క తెల్సు. "నువ్వు ఇజ్జత్ గురించి మాట్లాడినప్పుడల్ల ఎవరికో మూడుతది. నేను డ్యూటీకి పోతున్న. నాకు ఏమీ తెల్వది" అని ఒక గారె నోట్లె పెట్టుకొని పారిపోయిండు.

మిద్దె మీద షామియానా కట్టిచ్చిన, చాపలు పరిచిన, ఇస్తరాకులు ఏసిన. మాతోనే ఉండే మా అమ్మను ఒక మూలకు కుర్చీల కూసోవెట్టిన. ప్రసాద్ టీము వచ్చింది. పన్నెండు మంది, ఒక్కొక్కడు కరెంటు స్తంభం లెక్క. మెట్లెక్కి మిద్దె మీదికి వస్తుంటె, పక్కింటామె బట్టలు ఆరేసుడు ఇడిసి దండం పెట్టింది, ఎందుకు పెట్టిందో ఆమెకే తెల్వాలె.

ప్రసాద్ చేతులు జోడించిండు. "నమస్కారమండీ అక్కయ్యగారూ. మీకు శ్రమ ఇచ్చాం. మావాళ్ళకి కాస్త తేలిగ్గా ఉండేలా చూడండి, సాయంత్రం ఆట కదా."

"తేలిగ్గనే నాయినా, అంత తేలిగ్గనే" అన్న. అప్పుడే గాలికి బగారన్నం మూత జర జరిగింది. లవంగం, సాజీర, పుదీన వాసన లేచి మిద్దె మీద ఒక చక్కర్ కొట్టింది. పన్నెండు మంది ముక్కులు ఒక్కపారే ఆ దిక్కు తిరిగినయి.

ప్రసాద్ ముక్కు కూడ తిరిగింది. గని ఆయన కండ్లు మాత్రం నా మీదనే ఉన్నయి. మా చిన్నా దిక్కు తిరిగి అన్నడు:

"చిన్నా, మీవాళ్ళేరీ?"

"కోర్టు కాడ ఉన్నరు. ఏ, వాళ్లకు మెస్సు లేదు, బ్రెడ్డు అరటిపండ్లు తింటరు."

"అదేం మర్యాద రా? మేం ఇక్కడ విందు తింటూ, మీ కుర్రాళ్ళు అక్కడ బ్రెడ్డు కొరుకుతారా? ముద్ద దిగుతుందా మాకు? పిలువు. అందరం కలిసే కూర్చుందాం. ఒకడు మావాడు, పక్కన ఒకడు మీవాడు. అప్పుడే తింటాం."

నా చేతిల గంటె ఆగిపాయింది. "ఎందుకు నాయినా, మనోళ్లకు తర్వాత చూస్త..." అంటనే ఉన్న, మా మంచోడు అప్పటికే ఫోను చేసిండు. "అరే శీనూ! అందర్ని తీస్కొని మా అక్కోళ్లింటికి రా రా, జల్ది!"

శీను అంటె మా టీము కెప్టెన్. బ్రెడ్డు మీద బతికే హాస్టల్ పోరగాండ్లకు బగారన్నం అని తెలిస్తె ఎట్లొస్తరో మీకు నేను చెప్పాల్నా? కోర్టు కాడికెళ్లి మా ఇంటికి వాళ్లు ఉరికిన ఉరుకుడు సాయంత్రం మ్యాచ్‌ల ఉరికితే చాలుండె.

కూసున్నరు. ఒకడు వాళ్లోడు, ఒకడు మనోడు. వడ్డించేటోళ్లు మనోళ్లయితే కడబంతిల కూసున్నా పర్వాలేదంటరు కద. ఆనాడు వడ్డించేది నేను, కూసున్నోళ్లు మనోళ్లు, అదే మా కొంప ముంచింది.

సరే, నేను హుషార్ కాదా? చేతివాటం చూపెడదమనుకున్న. వాళ్ల పోరనికి రెండు గంటెల అన్నం, మనోనికి సగం గంటె. వాళ్ల పోరనికి నాలుగు మటన్ తున్కలు, మనోనికి ఒక్క వట్టి బొక్క. శీను కాడికి రాంగనే "తినకు రా" అన్నట్టు కన్ను కొట్టిన. వాడు పక్కోని చెవుల అన్నడు, నాకు ఇనవడ్డది: "అక్క కన్ను కొడుతున్నది రా. మనకు లోపల ఇంకా ఏదో స్పెషల్ దాచిపెట్టినట్టున్నది." 

అట్ల సగం వరస దాటిన్నో లేదో, కుర్చీల కెళ్లి మా అమ్మ గొంతు లేచింది. మా అమ్మకు పేపరు కనవడది, గడియారం కనవడది. గని ఇస్తరాకుల తున్క తక్కువైతె మాత్రం మిద్దె ఆ కొస దాంక కనవడ్తది.

"సత్తెమ్మా! ఆగు! ఆ పోరని ఆకుల ఒక్క బొక్కనే ఏసినవేంది?"

"వాడు... వానికి ఇష్టం ఉండదంట అమ్మా."

"ఏ కొడుకా, నీకు మటన్ ఇష్టం లేదా?"

శీను మా అమ్మ దిక్కు చూసి, దేవుని ముందల ఒట్టు పెట్టినట్టు అన్నడు: "పానమమ్మా."

ఇంగ చూస్కోండ్రి. మా అమ్మ కట్టె పట్టుకొని లేచింది. "ఒక్క బంతిల కూసున్నోళ్లకు ఒక్క తీరు వడ్డియ్యాలె! ఒకనికి తున్కలు, ఒకనికి బొక్కలు ఏసే బుద్ధి నీకు ఎవరు నేర్పిండ్రే? నా కడుపున పుట్టి, నా ఇంట్ల తిని, బంతిల భేదం చేస్తవా? ఇట్ల చేసినోళ్లు వచ్చే జన్మల గబ్బిలమై తలకిందులు ఏలాడ్తరు, తెల్సా? ఆ గంటె ఇటు తే!"

సుట్టాల ముందల, పగోళ్ల ముందల, ఇరవై నాలుగు మంది స్తంభాల ముందల నేను ఏమనాలె? "అమ్మా, వీళ్లను నడవకుంట చేస్తందుకే పెడుతున్న" అనాల్నా? గంటె ఇచ్చిన. మా అమ్మ మొదటి ఆకు కాడికెళ్లి మళ్ల మొదలు పెట్టింది. అందరికీ సమానం చేసింది. సమానం చెయ్యాలంటె ఎక్కువున్న కాడ తియ్యాలె, లేకుంటె తక్కువున్న కాడ పొయ్యాలె. ఇస్తరాకులకెళ్లి తీసే అలవాటు మా ఖాందాన్‌ల లేదు. పోసింది.

అంతతోటి ఆగినా బతికిపోదుము. వాళ్ల టీముల ఒక బొద్దు పిలగాడు ఐదో గారె అడిగిండు. మనోడు ఒకడు వాణ్ణి చూసి ఆరోది అడిగిండు. "ఏం బ్రదర్, మాతో పోటీనా?" అన్నడు వాడు. "పోటీ ఏందన్నా, మేం ఇంకా మొదలే పెట్టలే" అన్నడు మనోడు. అయిపాయె! ఫైనల్ మ్యాచ్ మా మిద్దె మీదనే షురూ అయింది. గారెల కెళ్లి పాయసానికి, పాయసం కెళ్లి మళ్ల మటన్‌కు. చప్పట్లు, ఈలలు. మా అమ్మ నడుమల నిలవడి "బాగ తినుండ్రి కొడుకా, ఆటల బలం రావాలె కద" అని ఇద్దరికీ సమానంగ ఎగదోస్తున్నది.

చిన్నా నా దగ్గరికి వచ్చి మెల్లగ గునిగిండు. "అక్కా, లైట్ అన్న కదనే!"

"లైటే రా. నూనె తక్కువేసిన."

"శీను నోట్లె అది ఏందే?"

"మూలగ బొక్క."

వాడు తల పట్టుకొని మెట్ల మీద కూసున్నడు. ప్రసాద్ కూడ పోయి పక్కన కూసున్నడు. ఇద్దరు కోచ్‌లు, ఒక్క మెట్టు మీద, పెండ్లి ఖర్చు చూసిన ఆడపిల్ల తండ్రుల లెక్క. వాళ్లనూ మా అమ్మ ఇడిసిపెట్టలె. ఇద్దరి చేతులల్ల చెరో పాయసం గిన్నె పెట్టింది.

మ్యాచ్‌కు ఆటోలల్ల పంపిన. ఒక ఆటో ఆయన నన్ను అడిగిండు, "అమ్మా, వీళ్లేం తిన్నరు? నా బండి ముందరి చక్రం లేస్తున్నది!"

క్యాంపస్‌ల కోర్టు చుట్టూ పోరగాండ్లు, పోరీలు, ఈలలు, డప్పులు. పెద్ద సారు ముందు కుర్చీల కూసున్నడు. నేను మా టీము బెంచి ఎన్కల కూసున్న, కొంగు నోట్లె కుక్కుకొని. ఈల ఊదిండ్రు. నడుమల నిలవడ్డాయన బాలు పైకి ఎగిరేసిండు. మామూలుగైతె ఇద్దరు పోరగాండ్లు దాని కోసం ఎగరాలె. ఆనాడు ఇద్దరూ తల ఎత్తి దాన్ని చూసిండ్రు, సంక్రాంతికి పతంగి చూసినట్టు. అది పైకి పోయింది, తిరిగొచ్చింది, ఇద్దరి నడుమల పడ్డది. "నువ్వు తీస్కో అన్నా" అన్నట్టు ఒకని మొకం ఒకడు చూస్కున్నరు.

ఏం చెప్పాలె నేను! ఉరకాల్సినోళ్లు నడిచిండ్రు, నడవాల్సినోళ్లు నిలవడ్డరు, నిలవడాల్సినోళ్లు ఆ రింగు స్తంభానికి ఒరిగిండ్రు. మనోడొకడు బాలు పట్టుకొని పోతుంటె, వాళ్లోడు అడ్డం వచ్చి, ఇద్దరూ కలిసి జరసేపు ఊపిరి పీల్చుకున్నరు. చూసేటోళ్లు ఊకుంటరా?

"ఏ భయ్, రిమోట్ ఎవని కాడున్నది? స్లో మోషన్‌ల పెట్టిండ్రు!"

"అరే, గర్భిణీ స్త్రీలకు సీట్లు ఇయ్యుండ్రి రా!"

సగం ఆట అయ్యేసరికి స్కోరు చూస్తె అది బాస్కెట్‌బాలా, ఫుట్‌బాలా తెల్వది. వాళ్లు ఎనిమిది, మేము నాలుగు. పెద్ద సారు గడియారం చూసిండు, మా చిన్నాను చూసిండు, పక్కాయన చెవుల ఏదో అన్నడు. మాల్ గేటు, టోపీ, సలాం, అన్నీ కండ్ల ముందల తిరిగినయి.

విరామంల చిన్నా నా దగ్గరికి వచ్చిండు. "అక్కా, నిజం చెప్పు. ఏం చేసినవ్?"

ఇంగ దాసుకునేదేమున్నది. "వాళ్ల కోసమే వండిన రా. వాళ్లు లేవద్దని. మనోళ్లు వస్తరని నాకేం తెల్సు? అమ్మ బంతిల భేదం అన్నది..." ఏడుపొచ్చింది నాకు.

వాడు నా దిక్కు చూసిండు. తిడ్తడనుకున్న. వాని నోరు వంకర పోయింది, భుజాలు ఊగినయి. ఏడుస్తుండేమో అనుకున్న. నవ్వుతున్నడు! "నా నౌకరి తియ్యనీకె నువ్వు ఒక్కదానివి చాలవని అమ్మను కూడ పెట్టుకున్నవా?" అని, మొకం తుడుసుకొని, పోరగాండ్ల దిక్కు తిరిగిండు. వాళ్లు నేల మీద పండిండ్రు, చేపల బజార్ల చేపల లెక్క వరసగ.

"లేవకుండ్రి. పండుకొనే ఇనుండ్రి. మోకాలు పోయినంక నేను రెండేండ్లు ఆడిన. ఎట్ల ఆడిన్నో తెల్సా? ఉరకలే. బాలు చేతిల పట్టుకొని, గుంజుకోనీకె ఉరికొచ్చేటోనికి ఎదురుంగ నిలవడ్డ. వాడొచ్చి గుద్దితే తప్పు వానిది. నాకు రెండు ఫ్రీ త్రోలు ఇస్తరు. నిలవడి, ఊపిరి పీల్చుకొని, ఎవడూ అడ్డం రాకుంట బాలు ఎయ్యచ్చు. మీరిప్పుడు ఉరకలేరు. నిలవడగల్గుతరా?"

"నిలవడుడు వస్తది సార్" అన్నడు శీను, పండుకునే.

"ప్రసాద్ వాళ్లను ఉరికిస్తడు. నాకు తెల్సు, వానికి ఎప్పుడూ ఉరుకుడే. కడుపు నిండినోడు ఉరికితే ఆగలేడు. బాలు పట్టుకొని వాళ్ల తొవ్వల నిలవడుండ్రి, అంతే."

అట్లనే అయింది! అవతల ప్రసాద్ "పరిగెత్తండ్రా! కాళ్ళు కదపండి!" అని అరుస్తున్నడు. పాపం ఆ పిలగాండ్లు గురువు మాట ఇని ఉరికిండ్రు. ఉరికినంక ఆగుడు వాళ్ల చేతుల లేదు, మా మటన్ చేతులల్ల ఉన్నది. బ్రేకులు పోయిన ఇసుక లారీ లెక్క వచ్చి మనోళ్లకు గుద్దుడు, ఈల ఊదుడు, మనోడు లేచి, నిక్కరు దులుపుకొని, నిమ్మళంగ నిలవడి బాలు ఏసుడు. ఆ ఐదో గారె బొద్దు పిలగాడైతె ముగ్గురిని గుద్ది, ఆఖరికి ఆ ఊపుల పోయి పెద్ద సారు కుర్చీ కాడ ఆగిండు. సారు కాళ్లు పైకి లేపి కూసున్నడు.

ఆఖరి నిమిషంల రెండు దిక్కులా స్కోరు సమానం. శీనును ఎవడో గుద్దిండు. రెండు ఫ్రీ త్రోలు. శీను బాలు పట్టుకొని నిలవడ్డడు. మొకం ఎర్రగయింది. మొదటిది ఏసిండు, తప్పిపాయింది. నేను ఉన్న దేవుళ్లందరికీ మొక్కిన, మటన్ పెడతనని మాత్రం మొక్కలే. రెండోసారి బాలు లేపిండు. లేపంగనే వాని లోపలికెళ్లి ఒక త్రేన్పు బయలుదేరింది. ఎంత పెద్దదంటె, అవతలి కొసన కూసున్నోళ్లు ఉరుమనుకొని మబ్బుల దిక్కు చూసిండ్రు. ఆ దెబ్బకు బాలు చేతులకెళ్లి ఎగిరి, చెక్కకు తాకి, రింగు మీద తిరిగి తిరిగి, లోపల పడ్డది. మా అమ్మ అడుగు లేదన్న సంచిలనే పడ్డది!

గెలిచినం. ఎవ్వడూ ఎగరలే, ఎగిరే ఓపిక ఏడిది? మన పోరగాండ్లు కూసొనే చప్పట్లు కొట్టిండ్రు.

పెద్ద సారు వచ్చి మా చిన్నా చెయ్యి పట్టుకున్నడు. "ఏం నిలకడ అయ్యా! ఈ కాలం పిల్లలకు తొందర ఎక్కువ. ఇంత ఓపికగ, ఇంత నిదానంగ ఆడే టీమును నేను నా సర్వీసుల చూడలే. ఇది కోచింగ్ అంటే. నువ్వు ఏడికీ పోవద్దు, ఈడనే ఉండాలె." వారం తిరగకముందే పక్కా నౌకరి కాయితం ఇచ్చిండ్రు. మా వాడు ఆ దినం మూడుసార్లు అన్నం పెట్టిచ్చుకున్నడు.

ఖతం అనుకుంటున్నరు కద? నేనూ అట్లనే అనుకున్న. ఆ మ్యాచ్ సాయంత్రమే, జనం పోతుంటె ప్రసాద్ నా దగ్గరికి వచ్చిండు. చేతులు జోడించిండు, పొద్దుగాల జోడించినట్టే.

"అక్కయ్యగారూ, ఒక్క మాట అడగొచ్చా? ఆ వంట మావాళ్ళ కోసమే కదండీ?"

నేను తల ఊపిన.

"పొద్దున ఆ మూత జరిగినప్పుడే తెలిసిపోయిందండీ నాకు. ఇడ్లీ పెడతామన్న ఇంట్లోంచి మసాలా వాసన వస్తే అర్థం కాదా? అందుకే మీవాళ్ళనీ కూర్చోబెట్టాను. మునిగితే రెండు పడవలూ మునగాలని." 

"తప్పయింది నాయినా" అన్న.

"అయ్యో, తప్పేముందండీ! అంత భోజనం మా జన్మలో తినలేదు. ఋణం ఉంచుకోం." మెత్తగ నవ్విండు. "వచ్చే ఏడు ఫైనల్ మా ఊళ్ళోనేనండి. మాకూ ఒక అక్కయ్య ఉంది. మీ చిన్నా టీముతో పాటు మీరూ, మీ అమ్మగారూ తప్పకుండా భోజనానికి రావాలి. పూతరేకులు, కాజాలు, పనసపొట్టు కూర, కోడి పలావు... తేలిగ్గానే పెడుతుంది లెండి."

ఆ "తేలిగ్గానే" అనే మాట ఇనంగనే నేను రెండడుగులు ఎన్కకు జరిగిన. ఎన్క నిలవడ్డ శీను మాత్రం నోరూరుకుంట అడిగిండు, "అన్నా, పూతరేకులు అంటె మనిషికి ఎన్ని ఇస్తరన్నా?"

అప్పుడే, ఆ కోర్టుల నిలవడి, మెడల పుస్తె పట్టుకొని, తార్నాక మీదికెళ్లి పోయే మెట్రో రైలు సాక్షిగ ఒట్టు పెట్టుకున్న. ఇగ బతికున్నన్ని దినాలు, పగోడైనా పాలోడైనా, ఆట ఉన్ననాడు వాని నోటికి నా గంటె తగలనియ్య. బగారన్నం వండే బగోనకు తాళం ఏస్త. కన్ను కొట్టుడైతె జన్మల కొట్ట, మా ఆయనకు కూడ కొట్ట. ఎవరన్న "లైట్‌గ పెట్టు" అంటె మంచినీళ్ల గిలాస చేతికిచ్చి దండం పెడ్త. ఈ ఒట్టు తప్పితె మా అమ్మ అన్నట్టు వచ్చే జన్మల గబ్బిలమై, ఆ బాస్కెట్‌బాల్ రింగుకే తలకిందులు ఏలాడ్త.

ఇంత ఓపికగ ఇన్నరు, సల్లగుండాలె మీరు. మీ ఇంటి పొయ్యి ఆరద్దు, మీ బగోన అడుగంటద్దు. మీ ఇంటికొచ్చినోళ్లు కడుపు నిండ తిని, వాళ్ల కాళ్ల మీద వాళ్లే నడిచి పోవాలె. మీ బంతిల కూసున్న ఏ ఒక్కని ఆకుల తున్క తక్కువ కావద్దు. పోయి రాండ్రి బిడ్డా, పైలం.